ఆల్బర్ట్ పేరున్నవన్నీ ఆల్బర్ట్‌వి కావు: అపోహలు - వాస్తవాలు

విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ జ్ఞాపికలు కొనడం, అమ్మడం ఇంగ్లండ్‌లో నా పని. పెళ్లి నాటి కప్పులు, మెడల్స్, పింగాణీ బొమ్మలు, ఆయన పోయాక వచ్చిన సంతాప నగలు, ఇలాంటివి. హైదరాబాద్ నుంచీ డాలస్ నుంచీ మనవాళ్లు ఫొటోలు పంపి "ఇది అసలుదేనా అండీ?" అని అడుగుతుంటారు. మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: "ప్రిన్స్ ఆల్బర్ట్" అని రాసి ఉంటే ఆయనదే.

వాస్తవం: డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. అమెరికాలో తెగ దొరికే ఎర్ర పొగాకు డబ్బా మీదున్న గడ్డమాయన ఈ ఆల్బర్ట్ కాదు, ఆయన కొడుకు. తర్వాత ఏడో ఎడ్వర్డ్‌గా గద్దెనెక్కిన ఆల్బర్ట్ ఎడ్వర్డ్. ఆ పొగాకు మార్కెట్లోకి వచ్చిందే 1907లో. తండ్రి పోయింది 1861లో! మన జైపూర్ ఆల్బర్ట్ హాల్ కూడా ఈ కొడుకు పేరు మీదే ఉంది. 1876లో ఆయన వచ్చినప్పుడు శంకుస్థాపన చేశారు. ఆల్బర్ట్ విక్టర్ అని మనవడు ఇంకొకడు, 1892లో చనిపోయాడు. ఇక "ఆల్బర్ట్ చైన్" అంటే జేబు గడియారానికి పెట్టుకునే ఒక రకం గొలుసు, అంతే.

అపోహ: వస్తువు మీద ఏ ఏడాది ఉంటే ఆ ఏడాదే తయారైంది.

వాస్తవం: ఆ ఏడాది సందర్భానిది. తయారీ సంగతి తెలియాలంటే అడుగు చూడాలి. పెళ్లి తేదీ, అంటే 1840 ఫిబ్రవరి 10, ముచ్చటగా రాసిన ప్లేటు తిరగేస్తే "ఇంగ్లండ్" అన్న ముద్ర కనిపించిందనుకోండి, అది చాలావరకు 1891 తర్వాతిదే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది. వజ్రం ఆకారపు ముద్ర అయితే 1842-1883 మధ్య రిజిస్టరైన డిజైన్.

నేను ముందు చూసేది బిరుదు. "ప్రిన్స్ కన్సార్ట్" (రాణి భర్త) అని అధికారికంగా ఇచ్చింది 1857 జూన్‌లో. 1851 సావనీర్ అని చెబుతూ దాని మీద ఆ బిరుదు ఉంటే అనుమానించాల్సిందే. ముందు "లేట్" అని కూడా ఉంటే 1861 డిసెంబర్ 14 తర్వాతిదే.

అపోహ: 1851 మెడల్ దొరికితే పంట పండినట్టే.

వాస్తవం: 1851లో లండన్‌లో ఆల్బర్ట్ దగ్గరుండి నడిపించిన అంతర్జాతీయ ప్రదర్శన, గ్రేట్ ఎగ్జిబిషన్‌లో సందర్శకుల లెక్క 60 లక్షలు దాటింది. వాళ్లకు అమ్మడానికి తగరం పాలు ఎక్కువున్న తెల్ల లోహంతో మెడల్స్ గుట్టలుగా కొట్టారు. అవి ఇప్పటికీ చవకే. విలియం వయన్ చెక్కిన కంచు మెడల్స్ కథ వేరు. బహుమతి మెడల్ అంచున గెలిచినవాళ్ల పేరు ఉంటుంది. అందుకే రెండు వైపుల ఫొటోలు చాలవు, అంచు చుట్టూ తిప్పుతూ తీసిన వీడియో అడగండి. ఆ పేరు పట్టుకుని ఎగ్జిబిషన్ క్యాటలాగ్‌లో వెతికితే ఆ మనిషి ఏం చూపించాడో బయటపడుతుంది. నాకైతే అసలు మజా అందులోనే ఉంది.

ఒక్క మాట: తోమకండి. ఇత్తడి చెంబుకు పట్టించినట్టు చింతపండు పట్టించారో, ఆ గోధుమరంగు పొర పోతుంది, దాంతోపాటే ధరా పోతుంది.

అపోహ: సన్న పగుళ్లున్న స్టాఫర్డ్‌షైర్ (ఇంగ్లండ్‌లో మట్టి, పింగాణీ పనికి పేరున్న ప్రాంతం) బొమ్మ పాతదే.

వాస్తవం: పగుళ్లు తెప్పించి వాటికి మరక పట్టించడం పెద్ద విద్యేం కాదు. చేతిలోకి తీసుకోండి. పాత బొమ్మలు మట్టిని అచ్చులోకి చేత్తో అదిమి చేసినవి కాబట్టి బరువుంటాయి, గాలి పోయే రంధ్రం చిన్నది. పలుచటి మట్టి పోసి చేసిన కొత్తవి తేలిక, అడుగున రంధ్రం పెద్దది. బంగారు పూత అద్దంలా మెరుస్తోందంటే 1840ల నాటిది కాదు.

అపోహ: ఆల్బర్ట్ బొమ్మతో ఆనాటి రూపాయిలు ఉన్నాయి.

వాస్తవం: లేవు. 1850లో ఆయన తలతో తపాలా బిళ్ల నమూనాలు మాత్రం వేశారు, అవి ఆమోదం పొందలేదు.

అపోహ: నల్ల సంతాప బ్రోచ్ అంటే విట్‌బీ (ఇంగ్లండ్‌లో ఒక ఊరు) జెట్.

వాస్తవం: జెట్ అంటే శిలాజంగా మారిన చెక్క, తేలిగ్గా, పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. చల్లగా, బరువుగా తగిలితే గాజు. గోధుమరంగుకు తిరిగి, రుద్దితే రబ్బరు వాసన వస్తే వల్కనైట్, అంటే గట్టిపరచిన రబ్బరు. కాల్చిన సూది గుచ్చి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది నిజమైన జెట్టే అయినా కన్నం మిగిలేది మీ బ్రోచ్‌కే.