సెజ్‌విక్‌లో ఎత్తిన చేతులు: ఊరి చట్టం ఎక్కడిదాకా నిలిచింది?

2011 మార్చి మొదటివారంలో అమెరికాలోని మేన్ రాష్ట్రంలో, సుమారు 1,200 మంది ఉండే సెజ్‌విక్ ఊరి వాళ్లు పట్టణ సభలో చేతులెత్తి ఒక చట్టం చేసుకున్నారు. రైతు తన దగ్గర పండినది, తన చేత్తో తయారుచేసినది ఇంట్లో తినడానికి కొనుక్కునేవాళ్లకు నేరుగా అమ్మితే లైసెన్సు అక్కర్లేదు, తనిఖీ అక్కర్లేదు అన్నది దాని సారాంశం. అంతటితో ఆగలేదు. రాష్ట్ర చట్టమైనా కేంద్ర చట్టమైనా ఈ హక్కుకు అడ్డొస్తే అదే చట్టవిరుద్ధం అని కూడా రాసుకున్నారు. అదే నెలలో పెనాబ్‌స్కాట్, ఏప్రిల్‌లో బ్లూహిల్ అదే పాఠాన్ని ఆమోదించాయి.

చాలామంది దీన్ని 2011 జనవరి 4న సంతకమైన కేంద్ర ఆహార భద్రతా చట్టానికి ప్రతిఘటనగా చెబుతారు. దాదాపు రెండు నెలల తేడా కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ ఆ చట్టంలోనే చిన్న రైతులకు మినహాయింపు ఉంది: ఏటా 5 లక్షల డాలర్ల లోపు అమ్మకాలు ఉండి, అందులో సగానికి పైగా నేరుగా వినియోగదారులకో, సొంత రాష్ట్రంలోనో 275 మైళ్ల లోపో ఉన్న హోటళ్లకూ దుకాణాలకో వెళ్తే చాలా నిబంధనలు వర్తించవు. అసలు చిక్కు కోళ్ల దగ్గర మొదలైంది. 1957 నాటి కేంద్ర చట్టం కింద, ఏడాదికి 1,000 కోళ్ల లోపు సొంతంగా పెంచి కోసే రైతుకు ఇన్‌స్పెక్టర్ రోజూ పక్కన నిలబడాల్సిన పనిలేదు. అయితే రాష్ట్రం అంతకన్నా కఠినంగా ఉండొచ్చు. మేన్ తెచ్చిన నిబంధనలు ఆ కొద్దిపాటి కోళ్లకూ తగిన కోత వసతి ఉండాలన్నాయి. ఏడాదికి రెండు మూడు వందల కోళ్లు కోసేవాడు గది, నీరు, డ్రైనేజీకి పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు రాబట్టుకోవాలి? ఆ లెక్కే వాళ్లను సభకు నడిపించింది.

మేన్‌లో ఇలాంటి చట్టం చేయడం నిజానికి కష్టం కాదు. గత గవర్నర్ ఎన్నికలో ఊళ్లో పోలైన ఓట్లలో పది శాతానికి సరిపడా సంతకాలు తెస్తే అంశాన్ని సభ పిలుపు పత్రంలో చేర్చాలి. ఆ పత్రాన్ని సభకు కనీసం 7 రోజుల ముందు అందరికీ కనిపించేచోట అంటించాలి. పత్రంలో లేని విషయం మీద ఓటు చెల్లదు. తర్వాత చర్చ, చేతులెత్తడం, లెక్కింపు. కష్టమంతా చట్టం పుట్టాక మొదలవుతుంది.

ఎందుకంటే అమెరికాలో ఊరికి సొంత సార్వభౌమాధికారం లేదు. 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ చెప్పిన సూత్రం ప్రకారం, రాష్ట్రం ఇచ్చిన అధికారమే ఊరికి ఉంటుంది. 1907లో సుప్రీంకోర్టు కూడా ఊళ్లు రాష్ట్రాల సృష్టేనని తేల్చింది. మేన్ 1969లో రాజ్యాంగ సవరణతో, తర్వాత చట్టంతో కాస్త వెసులుబాటు ఇచ్చింది: శాసనసభ స్పష్టంగానో, స్పష్టమైన అంతరార్థంతోనో కాదనని ప్రతి అధికారాన్నీ ఊరు వాడుకోవచ్చు. దీన్నే హోమ్ రూల్ అంటారు. సెజ్‌విక్ నమ్ముకున్నవాటిలో ఈ వాక్యం ఒకటి. కేంద్ర చట్టాన్ని అది ఏమాత్రం కదిలించలేదు.

మొదటి దెబ్బ బ్లూహిల్‌లో తగిలింది. లైసెన్సు లేకుండా, పాశ్చరైజ్ చేయలేదన్న లేబుల్ కూడా లేకుండా పచ్చిపాలు అమ్ముతున్న ఓ చిన్న రైతు మీద 2011 నవంబరులో రాష్ట్రం దావా వేసింది. 2014 జూన్ 17న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం రైతుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఊరి చట్టాన్ని కొట్టేయలేదు, కుదించింది: అది ఊరు పెట్టే లైసెన్సుల నుంచే మినహాయిస్తుంది, రాష్ట్ర లైసెన్సు నుంచి కాదు అంది. అసలు ఊరు అలాంటి లైసెన్సులేవీ అడగడం లేదు. కాగితం మీద చట్టం బతికింది, చేతికి మాత్రం ఏమీ మిగల్లేదు.

సరిగ్గా 13 రోజుల తర్వాత న్యూయార్క్‌లో డ్రైడెన్ అనే ఊరు గెలిచింది. చమురు, గ్యాస్ తవ్వకాలను నిషేధించిన ఆ ఊరు రాష్ట్రాన్ని ధిక్కరిస్తున్నామని ఎక్కడా అనలేదు. భూమిని దేనికి వాడాలో నిర్ణయించే జోనింగ్ అధికారం తనకు ముందునుంచీ ఉంది, ఆ భాషలోనే నిషేధం రాసుకుంది. పెన్సిల్వేనియాలోని గ్రాంట్ టౌన్‌షిప్ దీనికి పూర్తి వ్యతిరేక దారి పట్టింది. చమురు, గ్యాస్ తవ్వకాల వ్యర్థ జలాలను భూమిలోకి పంపే బావిని ఆపేందుకు 2014లో ఆ కంపెనీ హక్కులనే నిరాకరిస్తూ చట్టం చేసింది. ఫెడరల్ కోర్టు అందులో ముఖ్య భాగాలను కొట్టేసింది. 2019లో కంపెనీ లాయర్ ఖర్చుల కింద లక్ష డాలర్లకు పైగా కట్టమంది. కొన్ని వందలమంది ఉండే ఊరికి అది ప్రాణాంతకమైన మొత్తం. ధిక్కార చట్టానికి ఓటేసే ముందు ప్రతి ఊరూ చూసుకోవాల్సిన మొదటి అంకె ఇదే.

మేన్ ఊళ్లు మాత్రం ఓడిపోయాక కూడా ఓట్లు ఆపలేదు. 2017 నాటికి దాదాపు 20 ఊళ్లు చేరాయి. ఆ ఒత్తిడికి శాసనసభ దిగొచ్చి, ఊరి ఆహార చట్టాలను రాష్ట్రం గుర్తించాలన్న బిల్లు పాస్ చేసింది. గవర్నర్ పాల్ లెపేజ్ జూన్‌లో సంతకం పెట్టారు. జులైలో కేంద్ర వ్యవసాయ శాఖ నుంచి హెచ్చరిక వచ్చింది. 1967 నుంచి ఉన్న నియమం ప్రకారం, రాష్ట్రం సొంతంగా మాంసం తనిఖీ చేయాలంటే దాని ప్రమాణాలు కేంద్రానికి కనీసం సమానంగా ఉండాలి. అలా ఉంటేనే ఖర్చులో సగం దాకా కేంద్రం భరిస్తుంది. ఊరికొక మినహాయింపు ఉంటే ఆ సమానత్వం పోతుంది, రాష్ట్ర తనిఖీ కింద నడిచే కబేళాలు కేంద్రం చేతికి వెళ్తాయి. అంటే చిన్న రైతులే తమకు దగ్గర్లోని కబేళాను కోల్పోయే ప్రమాదం. అక్టోబరులో ప్రత్యేక సమావేశం పెట్టి మాంసాన్ని, కోళ్లను చట్టం నుంచి తీసేశారు. నవంబరు 1న అది అమల్లోకి వచ్చింది.

2021 నవంబరులో ఆహార హక్కును మేన్ ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చారు. ఇవాళ చట్టం చేసుకున్న ఊళ్లో రైతు తన వాకిట్లో లైసెన్సు లేకుండా పచ్చిపాలు, చీజ్, జామ్ అమ్మొచ్చు. గొడవ మొదలైన కోడి మాత్రం ఇంకా తనిఖీల పరిధిలోనే ఉంది.