గజ్జల్లో గడ్డ లోపలికి పోకపోతే నెట్టకండి (హెర్నియా, అపెండిక్స్: అపోహలు - వాస్తవాలు)

"గడ్డ బయటికొస్తే ఆముదం రాసి నెడితే సరి." ఒంగోల్లో మా ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. నొప్పి లేకుండా, పడుకోగానే దానంతటదే లోపలికి పోయే గడ్డకి ఆముదమూ అక్కర్లేదు, టెన్షనూ అక్కర్లేదు, తీరిక చూసుకుని సర్జన్‌కి చూపించుకోండి చాలు. కానీ నిన్నటిదాకా లోపలికి పోయిన గడ్డ ఇవాళ గట్టిపడి, ముట్టుకుంటే ప్రాణం పోతుంటే దాని జోలికి వెళ్లొద్దు. మసాజ్ వద్దు, వేడి ఇటుక కాపడం వద్దు.

ఎందుకంటే ఈ గడ్డే హెర్నియా, అంటే కండలో బలహీనపడ్డ రంధ్రంలోంచి కడుపులోవి తిత్తిలా బయటికి పొడుచుకురావడం. ఆ తిత్తిలో ఏం ఇరుక్కుందో మీకు తెలియదు, కొన్నిసార్లు కోసేదాకా మాకూ తెలియదు. మామూలుగా పేగో కొవ్వో ఉంటుంది. హెర్నియా ఉన్నవాళ్లలో నూటికి ఒకరికి, నిజానికి అంతకంటే తక్కువ మందికే, కుడి గజ్జలోకి అపెండిక్స్ (పెద్దపేగు మొదట్లో తోకలా ఉండేది) జారుతుంది. అది అక్కడే వాచి చీము పట్టడం మరీ అరుదు. దీన్ని అమ్యాండ్ హెర్నియా అంటారు. 1735లో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్ 11 ఏళ్ల పిల్లాడి హెర్నియా తెరిస్తే, గుండుసూది గుచ్చుకుని చిల్లుపడ్డ అపెండిక్స్ కనబడింది. తీసేశాడు, పిల్లాడు బతికాడు. రికార్డుల్లో ఉన్న మొదటి అపెండిక్స్ ఆపరేషన్ అదే, అదీ మత్తుమందు లేని కాలంలో! ఇప్పుడు నడుముకి ఒక్క ఇంజెక్షన్ అంటేనే మనవాళ్లు ముహూర్తాలు చూస్తారు.

పొదిలి వైపు నుంచి ఒక పొగాకు రైతు వచ్చాడు. బేళ్లు ఎత్తీ ఎత్తీ ఎన్నాళ్లుగానో గడ్డ ఉంది, వేలం అయ్యాక చూద్దాంలే అని వాయిదా. ఈసారి పోకపోతే ఊళ్లో ఎవరో పిసికారు, నొప్పికి సూది వేయించుకున్నాడు, సూదితో నొప్పి తగ్గినట్టుంటే తగ్గిందనుకున్నాడు. వచ్చేసరికి గజ్జల్లో చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది, జ్వరం. కడుపు మాత్రం మెత్తగానే ఉంది, ఇరవైనాలుగు గంటల నొప్పి (అపెండిక్స్ వాపు) అంటే మీరనుకునే లక్షణం ఒక్కటీ లేదు, ఎందుకంటే చీమంతా తిత్తిలోనే ఉంది. తెరిస్తే బొటనవేలంత లావున వాచిన అపెండిక్స్, కొస నల్లబడి ఉంది. ఇంకో రెండుసార్లు గట్టిగా నెట్టి ఉంటే అది పగిలో, పగలకుండానో కడుపులోకి పోయేది. అప్పుడు గజ్జల్లో చిన్న కోతతో పోయేది కాదు, కడుపు తెరవాల్సొచ్చేది.

అపెండిక్స్‌ని ఆ కోతలోంచే తీసేసి, మెష్ (రంధ్రం మీద వేసే వల, జాలీ అంటారే, అది) పెట్టకుండా సొంత కండతోనే కుట్టాం. బయట కొడుకు నిలదీశాడు: "హెర్నియా అని తీసుకెళ్లి అపెండిక్స్ తీశారు, జాలీ వెయ్యలేదు, ఇదేంది సార్?" అడగడంలో తప్పులేదు. కానీ చీమున్న చోట జాలీ వేస్తే దానికీ ఇన్‌ఫెక్షన్ పట్టొచ్చు, పడితే దాన్ని మళ్లీ తీయాల్సి రావచ్చు. అపెండిక్స్ బాగానే ఉంటే దాన్ని లోపలికి పంపి మెష్ వేస్తాం, వాచి ఉంటే సాధారణంగా వెయ్యం. మెష్ లేకపోతే హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, అప్పుడు చూసుకుందాం అన్నాను. వేలం దాకా ఆగకుండా వచ్చుంటే మెష్‌తోనే అయిపోయేది.

మిగతావి గబగబా. బెల్టు పెట్టుకుంటే రంధ్రం మూసుకుపోదు. ఆడవాళ్లకీ వస్తుంది, తొడ మొదట్లో వచ్చే రకం వాళ్లకే ఎక్కువ. ఆపరేషన్ అయితే సంసారానికి పనికిరారన్నది పుకారు, పెళ్లి కుదిరిన కుర్రాళ్లు దీనికి భయపడి దాచుకుంటున్నారు, దాచకండి నాయనా. పప్పు తింటే చీము పడుతుందా అని ప్రతి అత్తగారూ అడుగుతారు. పట్టదమ్మా, పెట్టండి. విరేచనం గట్టిపడకుండా ఆకుకూర కూడా వెయ్యండి.

గడ్డ నొప్పిగా ఉండి పోకపోయినా, దాంతో వాంతులైనా, గ్యాస్ పోకపోయినా అర్ధరాత్రైనా సరే 108కి ఫోన్ చెయ్యండి. దారిలో ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు, సోడా కూడా.