ఈజిప్టు రంగుల ఫలకాలు: శాపాలు కావు, భోజనాల చిట్టాలు

రాతి వస్తువుల సంరక్షణ నా వృత్తి. ఈజిప్టు శిలాఫలకాల గురించి జనం అడిగేవి ఎప్పుడూ ఆ నాలుగైదు ప్రశ్నలే. జవాబు చెప్పడానికి నాకు బాగా పనికొచ్చేది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న నెఫెర్టియాబెట్ అనే రాజకుమార్తె ఫలకం. గిజాలోని ఆమె సమాధి నుంచి వచ్చిన సున్నపురాయి అది. గిజా పెద్ద పిరమిడ్ కట్టించిన రాజు ఖుఫు కాలం నాటిది, అంటే సుమారు 4,600 ఏళ్ల కిందటిది.

అపోహ: రంగులు ఇంత తాజాగా ఉన్నాయంటే ఈమధ్య పూసినవే.

వాస్తవం: కాదు. ఆ ఫలకాన్ని పురాతన కాలంలోనే రాతికట్టుతో మూసేశారు. ఎండ, గాలి, ఇసుక తగలక ఆమె కట్టిన చిరుత తోలు మీది మచ్చలు కూడా నిలిచాయి. ఎరుపు, పసుపు మట్టిరంగులు, మసి నలుపు అంత సులువుగా వెలిసిపోయేవి కావు. అవి ఊడిపోతాయి. వెలవడానికీ ఊడడానికీ ఉన్న ఈ తేడా మీదే నా ఉద్యోగం నడుస్తోంది.

అపోహ: తడిగుడ్డతో ఒత్తి తుడిస్తే అసలు రంగు బయటపడుతుంది.

వాస్తవం: రంగే గుడ్డకు అంటుకొస్తుంది. ఈ రంగులను తడి సున్నం మీద వేయలేదు; జిగురులో కలిపి ఆరిన రాతి మీద పూశారు. ఆ జిగురు నీళ్లకు లొంగుతుంది. అంతకంటే పెద్ద శత్రువు ఉప్పు. చాలా ఈజిప్టు సున్నపురాళ్లలో అది లోపలే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే కరుగుతుంది, తగ్గితే మళ్లీ పలుకులు కడుతుంది. చెమ్మెక్కిన గోడకు పెచ్చులు లేచినట్టే ఫలకం పైపొర కూడా లేస్తుంది, రంగుతో సహా. నేను శుభ్రం చేసే గంటల కన్నా గదిలో తేమ ఎంతుందో చూసుకునే గంటలే ఎక్కువ.

అపోహ: కంటికి రంగు కనబడకపోతే అక్కడ అసలు వేయనట్టే.

వాస్తవం: ఈజిప్టు నీలం విషయంలో ఇది ఘోరమైన పొరపాటు. ఇసుక, సున్నం, రాగి, కొద్దిగా క్షారం కలిపి కొలిమిలో కాల్చి చేసిన రంగు అది. మామూలు వెలుతురు పడితే కంటికి అందని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. తగిన కెమెరాతో తీస్తే, బోసిగా కనిపించిన రాతి మీద ఒక్కో రేణువూ తెల్లగా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు దీపం వెలిగించిన పని ఎవరిదా అని వెనక్కి తిరిగి చూశాను.

అపోహ: పక్కకు తిరిగిన ముఖంలో ఎదురుగా చూసినట్టుండే కన్ను వేయడం చేతకానితనం.

వాస్తవం: ఏ అవయవం ఏ వైపునుంచి బాగా తెలుస్తుందో ఆ వైపునుంచి చూపడం వాళ్ల పద్ధతి.

అపోహ: చెక్కిన రాతలన్నీ శాపాలు.

వాస్తవం: ఎక్కువగా తిండీ బట్టా లెక్కలే. నెఫెర్టియాబెట్ ముందు రొట్టె ముక్కలు పేర్చిన బల్ల ఉంది, పక్కన నారబట్టల జాబితా ఉంది. తర్వాతి కాలపు ఫలకాలు కొన్ని దారిన పోయేవారిని పిలిచి, చనిపోయినవారి కోసం వెయ్యి రొట్టెలు, వెయ్యి బీరు అని పలకమంటాయి. ఖర్చేమీ లేదు, నోటి ఊపిరి చాలంటాయి. ఒకసారి ఒక పెద్దాయన భయపడుతుంటే ఆ వాక్యమే చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "కూర సంగతి ఏమీ రాయలేదా అమ్మా?" అన్నారు. ఎద్దులు, పక్షులు కూడా వెయ్యేసి ఉన్నాయని చూపించాను.