గడువు దాటిన పుస్తకం: గ్రంథాలయం గురించి అపోహలు, వాస్తవాలు

ప్రతి నెలా మొదటి వారంలో మా శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద రెండు కాగితాలు అతికిస్తాము. ఒకటి ఆ నెలలో జరిగే కార్యక్రమాల వివరం, రెండవది కొత్తగా వచ్చిన పుస్తకాల జాబితా. కర్నూలు జిల్లాలో పడమటి వైపున ఉన్న చిన్న ఊరు మాది. ఆ కాగితాలను ఎవరో ఒకరు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు, సాయంత్రానికల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. కొత్త పుస్తకం ఎప్పుడు ఇస్తారని అడిగేవారు కొందరే. ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగేది ఒకటే ప్రశ్న: "మేడం, మీ పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు వస్తే ఏమన్నా అంటారా?" నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరగనున్నాయి కనుక, ఈసారి జాబితాతో పాటు ఈ ప్రశ్నకు సమాధానం కూడా వివరంగా రాస్తున్నాను.

అపోహ: గడువు దాటితే వేలల్లో జరిమానా పడుతుంది, కేసు పెడతారు, ప్రభుత్వ పథకాలు ఆగిపోతాయి.

వాస్తవం: ఇందులో ఏ ఒక్క మాటా నిజం కాదు. గడువు దాటిన పుస్తకానికి మా దగ్గర వసూలు చేసే ఆలస్య రుసుమును రోజుకు ఇన్ని పైసలని లెక్కిస్తాము. నెలలు గడిచినా అది ఇంటి ఖర్చును తలకిందులు చేసేంత మొత్తం కాదు. సభ్యత్వ రిజిస్టరులో ఉండేవి పేరు, చిరునామా, డిపాజిట్ రసీదు సంఖ్య, తీసుకున్న పుస్తకాల వివరాలు మాత్రమే. ఆ రిజిస్టరుకు రేషన్ కార్డుతో గాని, పింఛనుతో గాని, పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంటుతో గాని ఏ సంబంధమూ లేదు. ఎవరో పుట్టించిన మాటను సరిచూసుకోకుండా పదిమందికి పంపేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. పంపినవారికి పోయేదేమీ ఉండదు. దానిని నమ్మి చదువుకునే చోటుకు దూరమయ్యేది మాత్రం ఏ కూలీ ఇంటి పిల్లవాడో.

ఈ భయం చాలాసార్లు మేము పంపే గుర్తుచేసే ఉత్తరంతో మొదలవుతుంది. గ్రంథాలయం ముద్రతో, సంతకంతో, "వెంటనే వాపసు చేయవలెను" అన్న ముక్తసరి వాక్యంతో వచ్చిన కాగితాన్ని చూసి కోర్టు కాగితమేమోనని బెదిరిపోయే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఉత్తరం ఎందుకు రాస్తామో తెలిస్తే ఆ బెదురు ఉండదు. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ రిజిస్టరులో ఒక సంఖ్య పడుతుంది. స్టాకు తనిఖీ జరిగిన రోజున ఆ పుస్తకం అరలోనైనా కనిపించాలి, ఎవరో ఒక సభ్యుడి పేరు మీదనైనా కనిపించాలి. రెండు చోట్లా కనిపించకపోతే సమాధానం చెప్పుకోవలసినది గ్రంథాలయాధికారి. అందుకే గుర్తుచేస్తాము. ఎంత ఆలస్యంగా వచ్చినా సరే, పుస్తకం బల్ల మీదికి తిరిగి వచ్చిన రోజున మా నెత్తి మీది బరువు దిగుతుంది.

నెలలో రెండవ ఆదివారం ఉదయం మా దగ్గర పిల్లలకు కథ చదివి వినిపిస్తాము. ఒకసారి జూన్ నెలలో, కథ నడుస్తున్నంతసేపూ పదేళ్ళ పిల్లవాడు ఒకడు కిటికీ ఊచలు పట్టుకుని బయటే నిలబడి విన్నాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. మరుసటి వారం వాళ్ళ అవ్వ వాడిని చేయి పట్టుకుని తీసుకొచ్చి, కొంగులో చుట్టిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. "తప్పు చేసినాడంట మేడం. పోలీసోళ్ళు పట్టుకపోతారని ఎవరో చెప్పినారంట, రాత్రిపూట నిద్రపోడు" అన్నది. ఆ ఇంటివారు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి వలసకు, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతూ పిల్లవాడినీ వెంట తీసుకుపోయారు. పుస్తకం గూట్లో ఉండిపోయింది. వేసవి చివర వచ్చిన గాలివానకు మట్టి మిద్దె కారి గూడంతా తడిసింది. అట్టకు బూజు పట్టింది, చివరి పుటలు ఒకదానికొకటి అంటుకున్నాయి, బొమ్మల రంగు ఎదుటి పుటల మీదికి దిగింది. గడువు చీటీ మీద మేము వేసిన తేదీ ముద్ర నీళ్ళకు కరిగి ఊదారంగు మరకగా మిగిలింది. రిజిస్టరు చూసి లెక్క కడితే వచ్చిన ఆలస్య రుసుము, ఆ అవ్వ ఆ రోజు ఆటోకు ఇచ్చిన డబ్బు కంటే తక్కువ.

ఊరికి తిరిగి వచ్చినప్పటి నుంచి ఆ పిల్లవాడు గ్రంథాలయం ఉన్న వీధిలోకి రావడమే మానేశాడని, కథల ఆదివారం ఒక్కటి మాత్రం ఉండబట్టలేక వచ్చాడని అవ్వ చెప్పింది. బడిలో ఇచ్చిన పాఠ్యపుస్తకాలు తప్ప మరో పుస్తకం లేని ఇల్లు వాడిది. సుగ్గికి వెళ్ళే కుటుంబాలవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను: ఊరు విడిచే ముందు పుస్తకం ఇచ్చి వెళ్ళండి. వీలుకాకపోతే పక్కింటివారి చేతనైనా పంపండి. పుస్తకం తెచ్చి ఇచ్చేవారు సభ్యులే కానవసరం లేదు, కార్డు కూడా అక్కరలేదు. అదీ కుదరకపోతే తిరిగి వచ్చాకే ఇవ్వండి. దాచిపెట్టుకుని భయపడుతూ మాత్రం ఉండకండి.

తడిసిన పుస్తకం గురించి ఒక మాట. ఎండలో పెడితే కాగితం వంకర్లు తిరిగి పెళుసుబారుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పుస్తకాన్ని కొద్దిగా తెరిచి నిలబెట్టండి. కొన్ని పుటలకు ఒకటి చొప్పున తెల్లకాగితం పెట్టి, అది చెమ్మగిల్లినప్పుడల్లా మార్చండి. వార్తాపత్రిక పెడితే దాని సిరా పుటలకు అంటుకోవచ్చు. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించడం చాలామంది మంచి మనసుతో చేసే పనే గాని, కొంతకాలానికి ఆ టేపు ఊడిపోయి జిగురు పసుపుపచ్చని మరకగా కాగితంలోకి ఇంకుతుంది, ఆ తరువాత దానిని బాగుచేయడం కష్టం. చిరిగినదానిని చిరిగినట్లే తీసుకురండి. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపిన గంజితో మేము అతికించుకుంటాము. అవ్వ తెచ్చిన పుస్తకానికి కూడా అలాగే కొత్త అట్ట వేశాము. రంగు దిగిన పుటలు అలాగే ఉన్నాయి, పిల్లలు ఇప్పటికీ దానిని తీసుకువెళుతున్నారు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది పుస్తకాలు ఉపయోగించుకోవడానికే అన్నది. ఉపయోగించే పుస్తకం నలుగుతుంది, అందులో నేరం ఏమీ లేదు.

భయం కొందరి చేత ఇంతకంటే పెద్ద నష్టం చేయిస్తుంది. ముద్ర ఉన్న మొదటి పుటను చించేసి పుస్తకాన్ని పాత కాగితాల అంగడిలో వేసేవారు ఉన్నారు. ముద్ర ఆ ఒక్క పుటలోనే ఉండదు. లోపల మాకు తెలిసిన పుటలో కూడా వేస్తాము కనుక పుస్తకం ఎవరిదో దాగదు. అలా తూకానికి వెళ్ళిన వాటిలో ఒక స్థలచరిత్ర పుస్తకాన్ని అంగడి యజమాని గుర్తుపట్టి స్వయంగా తెచ్చి ఇచ్చారు. అటువంటి పుస్తకాలు ఒకసారి అచ్చయి మళ్ళీ అచ్చు కాకుండా ఉండిపోతాయి, డబ్బు పెట్టినా దొరకవు. మన చెరువు ఎవరు తవ్వించారో, మన గుడి శాసనంలో ఏముందో రాసిన పుటలు పొట్లాలైపోతే ఊరికి ఇక ఆ జ్ఞాపకం మిగలదు.

పుస్తకం నిజంగానే పోయిందనుకుందాం. వచ్చి ఆ మాట చెప్పండి. అదే పుస్తకం మరొక ప్రతి కొని తెచ్చి ఇవ్వవచ్చు. దొరకకపోతే నిబంధనల ప్రకారం ధర చెల్లించవలసి ఉంటుంది, రసీదు ఇస్తాము. ఆ తరువాత సభ్యత్వం యథాప్రకారం కొనసాగుతుంది. మీరు కట్టిన డిపాజిట్ కూడా ఎక్కడికీ పోదు. సభ్యత్వం వద్దనుకున్న రోజున బకాయి ఏమైనా ఉంటే మినహాయించి మిగతాది తిరిగి ఇస్తారు.

అపోహ: సభ్యత్వం ఉద్యోగస్తులకూ చదువుకున్నవారికీ మాత్రమే.

వాస్తవం: మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను అన్న పద్దు ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే ఆ సొమ్ముతోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నాయి. ఊరివారు కట్టిన డబ్బుతో నడిచే చోటికి రావడానికి ఊరివారే జంకడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఈ కర్నూలులోనే 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ తమ జీవితాన్ని ధారపోసింది అక్షరం రాని పెద్దలు కూడా ఇటువంటి చోట కూర్చోవాలనే. పత్రికలు చదువుకోవడానికి సభ్యత్వం కూడా అవసరం లేదు. లోపలికి వచ్చి కూర్చుంటే చాలు.

అపోహ: కొత్త పుస్తకం అచ్చయిన వెంటనే గ్రంథాలయానికి రావాలి, రాలేదంటే ఇక్కడివారు తెప్పించడం లేదన్నమాట.

వాస్తవం: 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి కొత్త పుస్తకాన్నీ పంపవలసినది కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీలలోని గ్రంథాలయాలకు. మా వంటి శాఖలకు పుస్తకాలు వచ్చే దారి వేరు. జిల్లా గ్రంథాలయ సంస్థ కొన్నవి కొన్ని, కలకత్తాలో 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సహాయంతో వచ్చేవి కొన్ని, దాతలు ఇచ్చేవి కొన్ని. వచ్చినవాటికి సంఖ్య వేసి, వర్గీకరించి, ముద్రలు కొట్టి, గడువు చీటీ అతికించాకే అరలోకి చేరతాయి. శాఖలో పనిచేసేవారు అంగడికి వెళ్ళి తమకు నచ్చినది కొనుక్కుని రావడానికి వీలులేదు. మీకు కావలసిన పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణ సంస్థ పేరు బల్ల మీద ఉన్న సూచనల రిజిస్టరులో రాయండి. ఎక్కువమంది అడిగిన పుస్తకాలను జిల్లాకు పంపే జాబితాలో ముందు చేరుస్తాము. ఈ ప్రాంతపు నవలలు, కథలు అడిగేవారు ఎక్కువ. అనంతపురానికి చెందిన బండి నారాయణస్వామి గారి నవలకు 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు దానిని అడగని పాఠకుడు లేడు.

అపోహ: పోటీ పరీక్షలకు గ్రంథాలయంలోని పాత పుస్తకాలు పనికిరావు.

వాస్తవం: జనరల్ నాలెడ్జి విషయంలో ఈ మాట నిజమే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. నంద్యాలను ఇంకా కర్నూలు జిల్లాలోనే చూపించే పుస్తకంతో పరీక్షకు వెళితే మార్కులు పోతాయి. అటువంటివాటిని మేమే వేరే అరకు మార్చాము. వ్యాకరణానికి, అంకగణితానికి, ప్రాచీన చరిత్రకు పాత పుస్తకం చక్కగా సరిపోతుంది. ఏది పనికివస్తుందో తెలియనప్పుడు అడగండి, చూపిస్తాము.

అపోహ: అంతా ఫోనులోనే దొరుకుతుంది.

వాస్తవం: కొంత దొరుకుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ నడుపుతున్న భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఫోను తెచ్చుకుంటే అందులో నమోదు చేసుకోవడం ఎలాగో నేర్పుతాము.

అపోహ: వారోత్సవాలు, నెలవారీ కార్యక్రమాలు పిలిచిన పెద్దలకూ బడి పిల్లలకూ మాత్రమే.

వాస్తవం: ఎవరినీ పేరు పెట్టి పిలవము, ఎవరినీ కాదనము. ఈ నెల రెండవ ఆదివారం కథా పఠనం ఎప్పటిలాగే ఉదయం ఉంటుంది. 14వ తేదీన కొత్త పుస్తకాల ప్రదర్శన మొదలై వారమంతా బల్లల మీద ఉంటుంది. ఆ పుస్తకాలను అక్కడే చదువుకోవచ్చు, ప్రదర్శన ముగిశాక ఇంటికి ఇస్తాము. చిత్రలేఖనం, వ్యాసరచన, వక్తృత్వ పోటీలకు బడి మానేసిన పిల్లలు కూడా పేర్లు ఇవ్వవచ్చు, పాఠశాల ధ్రువపత్రం అడగము. పెద్దల కోసం ఒక సాయంత్రం పుస్తక పరిచయం ఉంటుంది. తాము చదివిన ఏ పుస్తకం గురించైనా పది నిమిషాలు మాట్లాడదలచినవారు ముందుగా పేరు రాయించుకోవాలి. శుక్రవారం మాకు వారపు సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు బల్ల దగ్గర ఎవరో ఒకరం ఉంటాము; పేర్లు అక్కడే ఇవ్వవచ్చు, పాత పుస్తకాలు కూడా అదే బల్ల దగ్గర తీసుకుంటాము.