డీవీడీ చేతికొచ్చింది కదా అని క్యాసెట్ పారేయకండి

నెల్లూరులో పాత పెళ్లి క్యాసెట్లు, సీమంతాలు, పుట్టినరోజుల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి, మెనూ, చాప్టర్లు పెట్టి డీవీడీలు చేయడం నా పని. డిస్క్ చేతికివ్వగానే చాలామంది ఒకే మాట అంటారు: "ఆ క్యాసెట్ మీరే పడేయండి సార్, ఇంట్లో చోటు లేదు." ఆ మాట వింటే నాకు గుండె గుబేలుమంటుంది. అందుకే ముందు దాని సంగతే గట్టిగా చెప్తాను.

అపోహ: డీవీడీ వచ్చేశాక క్యాసెట్‌తో, కంప్యూటర్‌లోని ఫైల్‌తో ఇంక పని లేదు.

డీవీడీ టీవీలో చూసుకోవడానికి చేసిన కాపీ. దాచుకోవాల్సింది అది కాదు. క్యాసెట్‌ని డీవీ అనే వీడియో ఫార్మాట్‌లో క్యాప్చర్ చేస్తే, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. మూడు గంటల పెళ్లి క్యాసెట్‌కు దగ్గర దగ్గర 39 జీబీ. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మిగతాదంతా ఏమైనట్టు? డీవీడీ కోసం ఎంపెగ్-2 అనే కుదించిన ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు పోయింది. ఒకసారి పోయాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. రేపు మీ అబ్బాయి ఆ డీవీడీ నుంచి తీసి మళ్లీ ఎంపీ4 చేస్తే ఇంకొంత పోతుంది.

డీవీడీల కంటే ముందు వీసీడీల (వీడియో సీడీల) రోజుల్లోనూ ఇదే జరిగింది. "సీడీ చేయించుకోండి, క్యాసెట్ ఎందుకు" అని ఎవరో అన్నారు, జనం నమ్మారు. వీసీడీ బొమ్మ సైజు 352 × 288. డీవీడీది 720 × 576. అంటే వీసీడీలో ఉండేది పావు వంతు బొమ్మే.

కావలి వైపు నుంచి ఒక పెద్దావిడ అలాంటి వీసీడీ పట్టుకుని వచ్చారు. కూతురి పెళ్లి. పోయిన భర్త కదులుతూ కనిపించే వీడియో ఆ ఒక్కటే. పందిట్లో రెండో వరసలో కూర్చుని ఉన్నారాయన. ముఖం దగ్గరికొచ్చేసరికి కళ్లూ ముక్కూ కలిసిపోయి అంతా చిన్న చిన్న గళ్లు. "అబ్బయ్యా, ఆయన ముఖం కొంచెం తేటగా చెయ్యి" అని అడిగారు. క్యాసెట్ ఏదమ్మా అంటే, సీడీ వచ్చాక పాత సామాన్లవాడికి వేసేశామన్నారు. నేను చేయగలిగింది చాలా తక్కువ. బొమ్మ పోయినా గొంతు బాగానే ఉంది. అప్పగింతల్లో కూతురితో ఆయన మాట్లాడే చోట సరిగ్గా ఒక చాప్టర్ పెట్టి, మెనూలో మొదటి బటన్‌గా దాన్నే ఇచ్చాను. రిమోట్‌లో ఓకే నొక్కితే చాలు, ఆయన గొంతు వస్తుంది. క్యాసెట్ ఉండుంటే ముఖం కూడా వచ్చేది.

కాబట్టి డీవీడీతో పాటు క్యాప్చర్ చేసిన అసలు ఫైల్‌ని హార్డ్ డిస్క్‌లో అడిగి తీసుకోండి. "మేం ఇవ్వం" అని వాళ్లంటే వేరే షాపుకి వెళ్లండి. ఆ ఫైల్ రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇళ్లలో ఉండాలి. 2015 నవంబర్ వానలకు నెల్లూరులో ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయో చూశాం కదా. క్యాసెట్, డీవీడీ, హార్డ్ డిస్క్ మూడూ ఒకే బీరువా కింది అరలో ఉంటే మూడూ ఒకేసారి పోతాయి.

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే చుట్టల మీద తెల్లటి పొడిలా కనిపిస్తుందా? అది ఫంగస్. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో మామూలే. పాడైపోయిందని పారేయొద్దు, ఆడుతుందో లేదో చూద్దామని డెక్‌లోనూ పెట్టొద్దు. టేప్ తెగొచ్చు, ఆ ఫంగస్ డెక్‌లో టేప్‌ని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. ముందు శుభ్రం చేయించాలి.

ఇప్పటికే క్యాసెట్ పోయి డీవీడీ ఒక్కటే మిగిలినవాళ్లు టెన్షన్ పడకండి. అందులోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఏ ఫార్మాట్‌లోకీ మార్చకండి. ఇప్పుడున్న క్లారిటీ అయినా అలాగే నిలుస్తుంది. ఈ పని వాయిదా వేయొద్దు. మనం రైట్ చేసే డిస్కుల్లో ఉండేది రసాయన రంగు పొర, ఎండకీ వేడికీ పాడవుతుంది. మన మే నెల ఎండల్లో కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టిన డిస్క్ మీద ఆశ పెట్టుకోకండి. డిస్క్ మీద స్టిక్కర్లు కూడా అంటించకండి.

అపోహ: ఎంపీ4ని డిస్క్‌లో కాపీ చేస్తే అదే డీవీడీ.

కాదు. అది డేటా డిస్క్. కొన్ని ప్లేయర్లు ఆడిస్తాయి, పాతవి చాలావరకు ఆడించవు. మెనూ, చాప్టర్లు కావాలంటే ఆథరింగ్ చేయాలి, అంటే వీడియోని డీవీడీ పద్ధతిలో అమర్చాలి. డీవీడీస్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు, కష్టమేమీ కాదు.

అపోహ: చాప్టర్లు పెడితే వీడియో ముక్కలవుతుంది, మెనూ పెడితే క్లారిటీ తగ్గుతుంది.

రెండూ పుకార్లే. చాప్టర్ అంటే ఫలానా చోటికి వెళ్లమని చెప్పే గుర్తు, అంతే. వీడియోని ఎవరూ కోయరు. ఒక టైటిల్‌లో 99 దాకా పెట్టుకోవచ్చు. మెనూ తినే చోటు కూడా చాలా తక్కువ. అయితే సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఐదు నిమిషాలకొకటి పెట్టే చాప్టర్లు దేనికీ పనికిరావు. స్నాతకం, జీలకర్ర-బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు, అప్పగింతలు అని మనిషి కూర్చుని చూసి పెట్టాలి. గుర్తు కీఫ్రేమ్ (వీడియోలో అక్కడక్కడా వచ్చే పూర్తి బొమ్మ) మీదే పడుతుంది కాబట్టి అర సెకను అటూఇటూ అవుతుంది. నేనైతే మంగళవాయిద్యం మొదలవడానికి కాస్త ముందే పెడతాను, లేకపోతే మొదటి దెబ్బ వినబడదు.

అపోహ: మూడు గంటల క్యాసెట్ మొత్తం ఒక్క డిస్క్‌లో వేస్తే లాభం.

పడుతుంది. కానీ ఒక్కో సెకను వీడియోకి మూడున్నర మెగాబిట్ల డేటానే మిగులుతుంది, దాన్నే బిట్‌రేట్ అంటారు. అసలే గ్రెయిన్ (సన్నటి చుక్కలు) ఉండే పాత క్యాసెట్ బొమ్మ ఆ బిట్‌రేట్‌లో గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. రెండు డిస్కులు చేయించండి.

ఇంకోటి. తలంబ్రాలు పోసేటప్పుడు చేతులు వణుకుతున్నట్టు, బొమ్మ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే క్యాసెట్ పాతదైపోయింది కాబట్టి అంతే అంటారు. చాలాసార్లు కారణం అది కాదు, ఫీల్డ్ ఆర్డర్ తప్పు పడింది. క్యాసెట్ వీడియోలో ఒక్కో ఫ్రేమ్ రెండు సగాలుగా, అంటే రెండు ఫీల్డ్‌లుగా ఉంటుంది; ఏది ముందు రావాలన్నదే ఆ ఆర్డర్. డీవీ ఫైల్‌లో కింది ఫీల్డ్ ముందు వస్తుంది. సెట్టింగ్ సరిచేసి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే పోతుంది. అసలు ఫైల్ ఉంటేనే ఇది చేయగలం.

"హెచ్‌డీ చేసిస్తాం" అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి. డీవీడీలో హెచ్‌డీ లేదు, క్యాసెట్‌లో అసలే లేదు.

అపోహ: మన డీవీడీ అమెరికాలో ఆడకపోతే రీజియన్ లాక్.

రీజియన్ లాక్ అంటే ఒక ప్రాంతం డిస్క్ ఇంకో ప్రాంతంలో ఆడకుండా వేసే తాళం. మనం ఇంట్లో చేసే డిస్కులకు అది వేయం. తేడా పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ వీడియో పద్ధతుల దగ్గర. ఇక్కడ పాల్, సెకనుకు 25 ఫ్రేములు. అక్కడ ఎన్‌టీఎస్‌సీ, 29.97. అక్కడి ప్లేయర్లు చాలా పాల్ డిస్కుని తీసుకోవు, కంప్యూటర్ మాత్రం తీసుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి "డిస్క్ ఆడట్లేదమ్మా" అని ఫోన్ చేస్తే కంగారుపడి ఇంకో పాల్ కాపీ కొరియర్ చేయొద్దు. ముందు ల్యాప్‌టాప్‌లో వేసి చూడమనండి. టీవీలోనే చూడాలంటే మీ దగ్గరున్న అసలు ఫైల్ నుంచి ఎన్‌టీఎస్‌సీలో వేరే డిస్క్ చేయించి పంపండి.