ముందు చక్రాలకే ఆ నలుపు ఎందుకు?

శ్రీశైలం పోయి వచ్చిన మర్నాడు మా బావ కారు కడుగుతుంటే గమనించాను. వెనక చక్రాల మీద ఉన్నది మన చెల్క నేలల ఎర్రదుమ్మే. పైపు పెట్టగానే జారిపోయింది. ముందు చక్రాల మీద మాత్రం మసి లాంటి నలుపు. బట్టతో రుద్దితే వేళ్లకు అంటుకుంది తప్ప పూర్తిగా వదల్లేదు. నాలుగు చక్రాలూ తిరిగింది ఒకే రోడ్డు మీద కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

ఆ నల్లపొడి ఎండాక కొంచెం కాగితం మీదికి దులిపి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చి చూడండి. పొడి లేచి మీసాల్లా నిక్కబొడుచుకుంటుంది. అందులో చాలా భాగం ఇనుము. అది రోడ్డు మీది నుంచి వచ్చింది కాదు, మన బ్రేకులు అరిగి రాలింది.

చక్రం వెనక తిరిగే డిస్క్ పోత ఇనుముతో చేసింది. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని రెండువైపులా నొక్కి పడతాయి. ప్యాడ్‌లో లోహపు పీచు, గ్రాఫైట్ వంటివి కలిపి రెసిన్ అనే జిగురుతో గట్టిపరుస్తారు. కారు వేగమంతా ఈ రాపిడిలో వేడిగా మారాలి. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడి దాదాపు 3 లక్షల జౌళ్లు. ఒక లీటరు బోరు నీళ్లు మరగడానికి అంత వేడి చాలు. ఇది ఒక్కసారి ఆగితేనే. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యాం వైపు దిగే ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతాం. ప్రతిసారీ డిస్క్, ప్యాడ్ రెండూ కొంచెం కొంచెం అరుగుతాయి.

బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులదే. పైగా మన దగ్గర చాలా కార్లకు వెనక ఉండేవి డ్రమ్ బ్రేకులు, అంటే మూసిన డ్రమ్ము లోపల పనిచేసేవి. వాటి పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది.

రాలే రవ్వలు వేడిగా ఉంటాయి. అల్లాయ్ వీల్ (అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రం) మీద ఉండే పారదర్శకమైన పూతలో అవి గుచ్చుకుని నిలుస్తాయి. తర్వాత తడి తగిలితే తుప్పు పడుతుంది. ఇనుము కంటే తుప్పుకు ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది పూతను లోపలి నుంచి పైకి లేపుతుంది. చక్రాల మీద కనిపించే గోధుమరంగు చుక్కలు ఇవే. నెలల తరబడి వదిలేస్తే ఇక పాలిష్‌కు కూడా లొంగవు.

పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో దులపడం, గాలి పైపుతో ఊదడం దయచేసి మానేయండి. ఈ పొడిలో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న రేణువులు ఉంటాయి, ఊపిరితో లోపలికి పోతాయి. ఐరోపాలో వాహన కాలుష్యం మీద 2024లో తెచ్చిన యూరో 7 నిబంధనలు బ్రేకు పొడికి కూడా మొదటిసారి హద్దు పెట్టాయి. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లకు ఆ హద్దు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. అంటే 10,000 కిలోమీటర్లకు 70 గ్రాములు. సర్వీసింగ్ సెంటర్లలో రోజంతా కార్లు కడిగే పిల్లల గురించి నాకు ఎక్కువ బెంగ.

చక్రం చల్లారాక నీళ్లు కొట్టి, షాంపూతో కడగాలి. ఇంకా మిగిలిన చుక్కలకు ఐరన్ రిమూవర్ అనే ఇనుపరవ్వలను కరిగించే ద్రవం ఉంది. అందులోని థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే పదార్థంగా మారుతుంది. చక్రం మీది నుంచి ఊదారంగు ధారలు కారేది అందుకే. వెంట్రుకలు తీసే క్రీముల్లో వాడేది కూడా ఈ కుటుంబం రసాయనమే, ఆ ఘాటు వాసన దానిదే. ఎండిపోకముందే బాగా కడిగేయాలి.

యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు. ఒకచోట కడిగించినప్పుడు నా కారు చక్రాలకు బాత్రూం యాసిడ్ పట్టించారు. మురికి పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. పూతకు సన్నని చీలిక ఉన్నా యాసిడ్ లోపలి అల్యూమినియాన్ని తినేస్తుంది.

నల్లగొండ వైపు ఇంకో చిక్కు, బోరు నీళ్లు. ఈ జిల్లా నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, చక్రం మీద తెల్లమచ్చలకు ఎక్కువగా కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కడిగిన నీళ్లు ఎండలో ఆరనివ్వకుండా వెంటనే మెత్తని టవల్‌తో తుడిస్తే మచ్చలు పడవు. ఆ తర్వాత మైనం గానీ సిరామిక్ కోటింగ్ గానీ వేయిస్తే కొత్త పొడి అంత గట్టిగా పట్టదు, ఈసారి ఉత్త షాంపూతోనే చాలావరకు వదులుతుంది. డిస్క్ మీద మాత్రం ఆ మైనం గానీ కోటింగ్ గానీ ఒక్క చుక్క పడకూడదు, బ్రేకు జారుతుంది.

అసలు పొడి తక్కువ రాలాలంటే ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగాలి. బండిని పట్టి ఉంచే పనిలో కొంత ఇంజనే చూసుకుంటుంది. ఈ మాట మా బావకు చెప్పాను. ఆయన మాత్రం తెల్లారి డిస్క్ మీద నారింజరంగు తుప్పు చూసి టెన్షన్ పడి ఫోన్ చేశాడు. డిస్క్‌కు పూత ఉండదు, కడిగిన రాత్రే పైపైన తుప్పు పడుతుంది బావా, వీధి చివరిదాకా మెల్లగా నడిపి రెండుమూడు సార్లు బ్రేకు తొక్కితే పోతుంది అన్నాను. పోయింది.