షార్ట్‌స్టాప్ నుంచి తీసేస్తే కెరీర్ పోయినట్టేనా? ఇన్‌ఫీల్డర్ల మీద అపోహలు - వాస్తవాలు

నేనుండేది ఫ్రిస్కోలో, డాలస్ పక్కన. ఇక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో క్రికెట్ చూస్తూ పెరిగే పిల్లలు స్కూల్లో బేస్‌బాల్ ఆడుతున్నారు. నేను ఇన్‌ఫీల్డర్లకు కోచింగ్ ఇస్తాను. అంటే మూడు బేసుల దగ్గర నిలబడే ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌మన్లు, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్. గ్రౌండ్ బాల్ (నేల మీద దొర్లుతూ వచ్చే బంతి) పట్టడం, ఫుట్‌వర్క్, త్రో, అదే నా పని. చిన్నపిల్లల నుంచి కాలేజీ కుర్రాళ్ల దాకా వస్తారు. ఆఫ్ సీజన్‌లో మైనర్ లీగ్స్ (పైస్థాయి మేజర్ లీగ్స్‌కి కిందుండే ప్రొఫెషనల్ లీగ్‌లు) కుర్రాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చి చెయ్యి సాపు చేసుకుని వెళ్తుంటారు.

టీములు ఖరారయ్యే రోజుల్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. విషయం దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, మావాణ్ణి షార్ట్ నుంచి సెకండ్‌కి మార్చేశారు. ఓపెనర్‌ని తీసుకెళ్లి ఏడో నంబర్‌లో ఆడించినట్టే కదా? వేరే టీమ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం."

ఆ తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. శనాదివారాలన్నీ ఎండలో కూర్చుని, ఊరూరా టోర్నమెంట్లకు కారు నడిపి, పిల్లాడు ఏడుపు మొహంతో బండెక్కితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నాకు కోపం వచ్చేది వాళ్ల మీద కాదు. "స్కౌట్లు (క్లబ్బుల తరఫున కొత్తవాళ్లను వెతికేవాళ్లు) షార్ట్‌స్టాప్‌ల్ని తప్ప ఎవర్నీ చూడరట" అని వాట్సాప్ గ్రూపుల్లో పుకారు పెట్టేవాళ్ల మీద. ఆ ఒక్క ముక్క ఎంతమంది పిల్లల ఆట చెడగొట్టిందో నేను దగ్గర్నుంచి చూశాను. అందుకే ముందు దాని సంగతే.

అపోహ: షార్ట్‌స్టాప్ నుంచి మార్చారంటే ఇక పైకి రాలేడు.

వాస్తవం: మేజర్ లీగ్స్‌లో ఇన్‌ఫీల్డ్‌లో ఎవరు కనబడినా, హైస్కూల్లో ఏం ఆడాడో వెతికి చూడండి. చాలామంది షార్ట్‌స్టాప్‌లే. ఏ స్కూల్లోనైనా అందరికంటే బాగా ఆడే కుర్రాణ్ణి అక్కడే నిలబెడతారు కాబట్టి. క్లబ్బులు డ్రాఫ్ట్ చేసేది (ఏటా జరిగే ఎంపికలో తీసుకునేది) అలాంటి కుర్రాళ్లనే. మరి అందరూ షార్ట్‌స్టాప్‌లే అయినప్పుడు, ఒక టీమ్‌లో షార్ట్ ఆడేది ఒక్కడే అయినప్పుడు, మిగతావాళ్లు ఎక్కడ ఆడాలి? సెకండ్, థర్డ్, అవుట్‌ఫీల్డ్. మారడం అనేది ఈ ఉద్యోగంలో మామూలు సంగతి.

ఇంకో లెక్క చూడండి. మేజర్ లీగ్ టీమ్‌లో 26 మంది ఉంటారు. అందులో పిచర్లు (బంతి వేసేవాళ్లు) 13 మంది దాకా. మిగిలిన 13 మందిలో తొమ్మిదిమంది ఆ రోజు బ్యాటింగ్ ఆర్డర్‌లో ఉంటారు. బెంచ్ మీద నలుగురు. ఆ నలుగురిలో ఒకడు రెండో క్యాచర్. మిగిలింది ముగ్గురు. ఇన్‌ఫీల్డ్‌లో ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలన్నా ఈ ముగ్గురిలోంచే రావాలి. షార్ట్ ఒక్కటే ఆడతానంటే ఆ బెంచ్ మీద చోటెక్కడిది? సెకండ్, థర్డ్, షార్ట్ మూడూ ఆడగలిగినవాడికి మాత్రం ఏళ్ల తరబడి ఉద్యోగం ఉంటుంది. 2022 నుంచి యుటిలిటీ ఆటగాళ్లకు, అంటే ఇలా చాలాచోట్ల ఆడేవాళ్లకు, విడిగా గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ అవార్డు) కూడా ఇస్తున్నారు.

2025 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్స్ ఫైనల్) ఏడో గేమ్ చూసినవాళ్లకు ఇది ఇంత వివరంగా చెప్పక్కర్లేదు. టొరంటోలో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక అవుట్ అయిపోయింది, లాస్ ఏంజెలెస్ టీమ్ డాడ్జర్స్ ఒక్క రన్ వెనకబడి ఉన్నారు. బ్యాటింగ్‌కి వచ్చినవాడు మీగెల్ రోహాస్, వయసు 36. కెరీర్‌లో ఎక్కువ భాగం షార్ట్‌స్టాప్. ఆ రోజు ఆడుతున్నది సెకండ్ బేస్. హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. మళ్లీ అదే ఇన్నింగ్స్ రెండో సగంలో, టొరంటో బ్యాటింగ్‌లో, మూడు బేసుల్లోనూ రన్నర్లు ఉండగా గ్రౌండ్ బాల్ అతని దగ్గరికే వచ్చింది. పడబోయి తమాయించుకుని హోమ్‌కి (రన్ పూర్తయ్యే చోటికి) విసిరాడు, రన్నర్ అవుట్. ఆ త్రో పోయుంటే సిరీస్ అక్కడే పోయేది. చివరికి పదకొండో ఇన్నింగ్స్‌లో ఆట ముగించిన డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) ఎవరిది? డాడ్జర్స్ షార్ట్‌స్టాప్ మూకీ బెట్స్ బంతి అందుకుని సెకండ్ మీద కాలుపెట్టి ఫస్ట్‌కి విసిరాడు. బెట్స్ 2011లో డ్రాఫ్ట్ అయింది ఇన్‌ఫీల్డర్‌గానే. బోస్టన్‌లో సెకండ్ బేస్ ఖాళీ లేక 2014లో అవుట్‌ఫీల్డ్‌కి పంపారు. అక్కడే ఆడి 2018లో ఎంవీపీ (ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ముప్పై దాటాక తిరిగి షార్ట్‌కి వచ్చాడు. అతను విసిరిన బంతి ఫస్ట్‌లో పట్టింది ఫ్రెడీ ఫ్రీమన్. అతను హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయినప్పుడు థర్డ్ బేస్‌మన్.

మన ఊరి ఉదాహరణ ఇంకా దగ్గరిది. మార్కస్ సిమియెన్ 2015లో ఓక్లాండ్‌కి షార్ట్‌స్టాప్‌గా ఆడుతూ 35 ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) చేశాడు, ఆ ఏడాది మేజర్ లీగ్స్ మొత్తంలో అవే ఎక్కువ. కోచ్ రాన్ వాషింగ్టన్ దగ్గర రోజూ మోకాళ్ల మీద కూర్చుని గ్రౌండ్ బాల్స్ పట్టడం దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాడు. మంచి షార్ట్‌స్టాప్ అయ్యాడు. 2021లో టొరంటోకి వెళ్తే అక్కడ షార్ట్‌లో బో బిషెట్ ఉన్నాడు. సిమియెన్ సెకండ్‌కి మారాడు. ఆ ఏడాది 45 హోమ్ రన్లు కొట్టాడు. ఒక సెకండ్ బేస్‌మన్ ఒక సీజన్‌లో అన్ని కొట్టడం అదే మొదలు. గోల్డ్ గ్లవ్ కూడా వచ్చింది. ఆ వెంటనే మన డాలస్ దగ్గరి టీమ్ టెక్సస్ రేంజర్స్ అతనికి ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. అదే శీతాకాలం షార్ట్‌స్టాప్ కోరీ సీగర్‌ని కూడా తీసుకున్నారు. ఆ జంటతోనే 2023లో రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. "నేను షార్ట్ తప్ప ఆడను" అని సిమియెన్ భీష్మించుకుని కూర్చుని ఉంటే ఆ కాంట్రాక్టు వచ్చేదా?

అలెక్స్ రోడ్రిగెజ్ షార్ట్‌స్టాప్‌గా ఎంవీపీ అయిన మరుసటి ఏడాదే, 2004లో, యాంకీస్‌కి వచ్చి థర్డ్‌కి మారాడు. అక్కడ ఇంకో రెండు ఎంవీపీలు. షార్ట్‌స్టాప్‌గా పేరుపడ్డ కాల్ రిప్కెన్ 2,632 వరుస ఆటల రికార్డులో చివరి రెండు సీజన్లు ఆడింది థర్డ్‌లో. ఓపెనర్ పోలిక తెచ్చేవాళ్లకు నేను రోహిత్ శర్మ పేరు గుర్తుచేస్తాను. 2013లో మిడిలార్డర్ నుంచి పైకి పంపకపోయుంటే వన్డేల్లో ఆ డబుల్ సెంచరీలు ఎక్కడివి?

ఇంత చెప్పినా వినని ఇళ్లు ఉన్నాయి. ఒక కుర్రాడి గురించి చెప్పాలి. మంచి చేతులు, తొణకని స్వభావం. హైస్కూల్ వయసులో వాణ్ణి సెకండ్‌కి మార్చారు. నా దగ్గరికి వచ్చినప్పుడు డబుల్ ప్లే పివట్ (సెకండ్ మీద బంతి అందుకుని ఫస్ట్ వైపు తిరిగి విసరడం) మొదట్నుంచీ నేర్పించాను. ఎడమ పాదం బేస్ మీద, ఛాతీ త్రో వచ్చే వైపు, రెండు చేతులు గుండెల దగ్గర. బంతిని గ్లవ్ లోపలికి పోనివ్వకుండా అరచేతి దగ్గరే ఆపి కుడిచేతిలోకి మార్చుకోవాలి. రన్నర్ వీపు వైపు నుంచి వస్తుంటాడు, వాడు కనపడడు, పాదాల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. షార్ట్‌లో ఆడినన్నాళ్లూ అన్నీ కళ్ల ముందే జరిగేవి. మొదట్లో వాడు బంతి రాకముందే తల తిప్పి రన్నర్‌ని చూసేవాడు, బంతి జారిపోయేది. కొన్ని వారాలకు కుదిరింది. ఒక సాయంత్రం బంతులన్నీ ఏరి బకెట్‌లో వేస్తూ, "అంకుల్, నాకు ఇదే ఇష్టం, షార్ట్ కన్నా" అన్నాడు.

ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదు. వాళ్ల నాన్నగారు షార్ట్ ఇస్తామని మాటిచ్చిన ఇంకో ట్రావెల్ టీమ్‌లో (ఊరూరా టోర్నమెంట్లు ఆడే టీమ్) వేశారు. అక్కడా సీజన్ మధ్యలో వీడికన్నా చేతిబలం ఉన్నవాడు వచ్చాడు, వీణ్ణి థర్డ్‌కి పంపారు. మళ్లీ టీమ్ మార్పు. మారిన ప్రతిసారీ కొత్త ఫీజు, కొత్త యూనిఫాం, కొత్త స్నేహితులు. కాలేజీ కోచ్‌లు వీడియోలు అడిగే సమయానికి ఒక్క పొజిషన్‌లోనూ పూర్తి సీజన్ ఆడిన రికార్డు లేదు. ఆట మానేశాడు. వాళ్ల నాన్నగారు చెడ్డవారు కారు, కొడుకు మీద ప్రాణం. ఆయన్ని భయపెట్టింది నలుగురూ చెప్పిన మాట.

అన్నట్టు, సెకండ్ బేస్ తేలిక అనేవాళ్లు 2023కి ముందు కాలంలోనే ఆగిపోయారు. ఆ ఏడాది నుంచి షిఫ్ట్ (బ్యాటర్‌ని బట్టి ఇన్‌ఫీల్డర్లు ఒకవైపే ఎక్కువమంది నిలబడటం) ఆపేశారు. రెండో బేస్‌కి ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు ఉండాలి, పిచర్ బంతి వదిలేదాకా పాదాలు అవుట్‌ఫీల్డ్ గడ్డి మీదికి పోకూడదు. ఇదివరకు సెకండ్ బేస్‌మన్ రైట్ ఫీల్డ్ గడ్డిలో లోతుగా నిలబడి బంతి తన దగ్గరికి వచ్చేదాకా ఆగగలిగేవాడు. ఇప్పుడు పరిగెత్తి అందుకోవాలి. క్లబ్బులు అక్కడ కూడా కాళ్లలో చురుకున్నవాళ్లనే వెతుకుతున్నాయి.

ఒక్క విషయం దాచను. ఫస్ట్ బేస్‌కి పంపితే మాత్రం బ్యాట్ మీద భారం పెరుగుతుంది. అక్కడ ఆడేవాడు గట్టిగా కొట్టి తీరాలని ప్రతి క్లబ్బూ అనుకుంటుంది. షార్ట్ నుంచి సెకండ్‌కో థర్డ్‌కో మారినందుకు బెంగ అక్కర్లేదు. పద్నాలుగేళ్లకే ఫస్ట్‌లో పెడితే కోచ్‌ని మర్యాదగా అడగండి: "ప్రాక్టీస్‌లో మావాడికి షార్ట్‌లో, థర్డ్‌లో కూడా గ్రౌండ్ బాల్స్ కొడతారా?" మంచి కోచ్ సరే అంటాడు. టీమ్ మార్చే ఆలోచన, ఆ జవాబు విన్నాకే.

అపోహ: డ్రాఫ్ట్ అయ్యాడంటే సెటిల్ అయినట్టే.

వాస్తవం: డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లు. మొదటి రౌండ్లలో వెళ్లినవాళ్ల బోనస్ (సంతకం పెట్టినందుకు ఇచ్చే డబ్బు) పేపర్లో చూసి మిగతా అందరికీ అంతే అనుకుంటారు. చివరి రౌండ్ల కుర్రాడి పరిస్థితి వేరు. మైనర్ లీగ్స్ వాళ్లకు 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం వచ్చింది. దాని ప్రకారం ఆ ఏడాది డబుల్-ఏలో (మేజర్స్‌కి రెండు మెట్లు కింద) కనీస జీతం 30,250 డాలర్లు. అదీ ముందుకంటే రెట్టింపు దాటింది. మేజర్స్‌లో 2025 కనీసం 7,60,000 డాలర్లు, కానీ అది ఏడాది పొడుగునా పైన ఉన్నవాడికి. వారం రోజులు పైకి పిలిస్తే వారం జీతమే. ఫ్రీ ఏజెంట్ (నచ్చిన క్లబ్‌తో ఒప్పందం చేసుకోగలవాడు) కావాలంటే మేజర్స్‌లో ఆరేళ్ల సర్వీస్ ఉండాలి, 172 రోజులైతే ఒక ఏడాది కింద లెక్క. డ్రాఫ్ట్ అయినవాళ్లలో ఎక్కువమంది మేజర్స్‌లో ఒక్కరోజు కూడా ఆడకుండానే ఆపేస్తారు. మా ఊళ్లోనే రఫ్‌రైడర్స్ ఉన్నారు, రేంజర్స్ డబుల్-ఏ టీమ్. టికెట్ కొనుక్కుని కొన్ని ఆటలు వరసగా చూడండి. ఒకే కుర్రాడు ఒకరోజు షార్ట్, ఇంకోరోజు సెకండ్ ఆడుతూ కనిపిస్తాడు. హైస్కూల్ నుంచి నేరుగా సంతకం పెట్టాలా, కాలేజీకి వెళ్లాలా అన్న ప్రశ్న వచ్చిన ఇంట్లో నేను చెప్పేది ఒకటే. బోనస్‌లో పన్నులూ ఏజెంట్ వాటా పోగా మిగిలేది ముందు కాగితం మీద రాసుకోండి, కాలేజీ ఖర్చు క్లబ్ భరిస్తుందో లేదో కాంట్రాక్టులో చూసుకోండి. తర్వాత పిల్లాణ్ణి అడగండి.

అపోహ: పొట్టిగా ఉంటే పనికిరాడు.

వాస్తవం: హోసే అల్తూవే ఐదడుగుల ఆరంగుళాలు. వెనెజువెలాలో ట్రయల్స్ నుంచి ఇంటికి పంపేస్తే మర్నాడు మళ్లీ వెళ్లాడు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ అతనికిచ్చిన బోనస్ 15,000 డాలర్లు. 2017లో ఎంవీపీ. పొడుగైనవాడు షార్ట్ ఆడలేడనేవాళ్లకు ఆరడుగుల నాలుగంగుళాల రిప్కెన్ ఉండనే ఉన్నాడు.

అపోహ: ఎర్రర్లు ఎక్కువైతే ఫీల్డర్ పనికిరానివాడు.

వాస్తవం: మామూలు ప్రయత్నంతో పట్టాల్సిన బంతి వదిలితేనో, త్రో చెడగొడితేనో స్కోరర్ ఎర్రర్ రాస్తాడు. బంతి దాకా చేరనివాడికి ఎర్రరే ఉండదు. దూరం పరిగెత్తి చెయ్యి తగిలించినవాడికి ఒక్కోసారి పడుతుంది. పిల్లాడి ఎర్రర్లు లెక్కపెట్టడం మానేసి, బంతి వైపు మొదటి అడుగు ఎప్పుడు పడుతోందో చూడండి.

ఎడమచేత్తో విసిరే పిల్లాడికి ఇన్‌ఫీల్డ్‌లో ఫస్ట్ తప్ప చోటు లేదన్నది మాత్రం పుకారు కాదు. షార్ట్, థర్డ్‌లో బంతి పట్టాక ఫస్ట్‌కి విసరాలంటే వాడు ఒళ్లంతా తిప్పాలి, ఆ క్షణంలోనే రన్నర్ చేరిపోతాడు. అలాంటివాణ్ణి చిన్నప్పుడే అవుట్‌ఫీల్డ్‌లో, పిచింగ్‌లో ఆడనివ్వండి.

సెకండ్‌కి మారగానే కొత్త గ్లవ్ కొనాలా అని కూడా అడుగుతుంటారు. అక్కర్లేదు. షార్ట్‌కి వాడే పదకొండున్నర అంగుళాలది సెకండ్‌లో బాగానే పనిచేస్తుంది. థర్డ్ అయితే కాస్త పెద్దది, ఫస్ట్ అయితే మిట్ (వేళ్లు విడిగా లేని పెద్ద గ్లవ్). అదీ ఒక నెల ఆడాక చూద్దాం.